అరకప్పు కూర

"ఏవండీ, కూరగాయలతో మీకేమైనా పాత పగలున్నాయా?"

కటింగ్ మాస్టర్ వెనక్కి తిరిగి చూసింది. తెల్ల ఏప్రన్ కట్టుకున్న పొడుగాటి మనిషి ఒకడు ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆమె ఇప్పుడే కడిగే చోట పెట్టి వచ్చిన ప్లేటు. ప్లేట్లో గుడ్డు లేదు, చేప ముక్క లేదు. బీన్స్, క్యారెట్ మాత్రం వడ్డించినవి వడ్డించినట్టే ఓ మూలకి నెట్టేసి ఉన్నాయి.

"మీరెవరు?" అంది.

"ఈ క్యాంటీన్ నేనే నడుపుతున్నానండీ. వచ్చి పది రోజులైంది. పది రోజుల నించీ ఒక ప్లేటు ఇలాగే వెనక్కొస్తోంది. ఎవరిదో తెలియక ఇవాళ కాపు కాసి పట్టుకున్నాను."

"దొంగని పట్టుకున్నట్టు చెప్తున్నారే!"

"దొంగే నయమండీ. వాడు తీసుకెళ్తాడు. మీరు వదిలేసి పోతున్నారు."

చుట్టుపక్కల టేబుళ్ళ దగ్గర స్పూన్లు ఆగిపోయాయి. ఆ యూనిఫాం కుట్టే యూనిట్లో నూట నలభై మంది పని చేస్తారు. మాస్టర్ కత్తెర కన్నా మాస్టర్ నోరు పదునని నూట నలభై మందికీ తెలుసు. పాపం, ఇతనొక్కడికే తెలియదు.

"చూడండి," అంది ఆమె నెమ్మదిగా. "నేను రోజూ కాన్వాస్ కోస్తాను, డెనిమ్ కోస్తాను. మీ బీన్స్ ఏ రకం గుడ్డో మాత్రం నాకు అంతు చిక్కలేదు. కోయాలంటే నా మెషిన్ కావాలి. తినాలంటే గుర్రం కావాలి."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"బీన్స్ కొరికితే కరకరమనాలండీ. దాన్ని వంటంటారు. మెత్తగా చేస్తే గంజంటారు."

"అలాగా. అయితే గుర్రాలకే పెట్టుకోండి."

అని చక్కా పోయింది. పోతూ, కాజాలు కుట్టే కాజాల అక్కతో, "ఎవరే ఆ గరిటె?" అంది. పొడుగ్గా, సన్నగా, చివర ఒక గుండ్రటి తల. సాయంత్రానికల్లా యూనిట్ మొత్తానికీ అతని పేరు గరిటె అయిపోయింది.

మాస్టర్‌కి ముప్ఫై ఒకటో ఏడు. యాభై పొరల గుడ్డ పరిచి, పైన సుద్దతో గీసి, ఒక్క గీత కూడా జారకుండా కోయగల మనిషి. ఆమె చేయి ఒక్క అంగుళం తప్పితే యాభై మంది నర్సుల కోట్లు తప్పుతాయి. అందుకని ఆమె చేయి తప్పదు. తప్పితే మాత్రం ఆ తప్పు నాదే అని అందరి ముందూ ఒప్పుకోవడం ఆవిడ పద్ధతి. కోసిన గుడ్డని ఎక్కడ దాస్తారు గనక?

అయితే నాలుగు నెలల నించీ ఒక విషయం మాత్రం దాస్తోంది.

అప్పట్లో ఆమె నూట పద్దెనిమిది కిలోలు. రోజుకి ఎనిమిది గంటలు కటింగ్ టేబుల్ దగ్గర నిలబడేసరికి మోకాళ్ళు మొరాయించాయి. కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. ఏడాది పాటు అన్ని రకాల పథ్యాలూ చేసి, అన్నిట్లోనూ ఓడి, చివరికి డాక్టర్ల దగ్గరికి పోయింది. వాళ్ళు పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు. వదులు చొక్కాని పక్క కుట్టు వేసి బిగించినట్టు. మిగిలిన పొట్టలో ఒక విడతకి అరకప్పు పడితే గొప్ప.

యూనిట్లో మాత్రం గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని చెప్పింది. నిజం తెలిసింది అమ్మకీ, కాజాల అక్కకీ.

ఎందుకు దాచిందంటే, జనం మీద ఏవగింపు కొద్దీ. లావుగా ఉన్నన్నాళ్ళూ "కాస్త తగ్గొచ్చు కదా" అన్నవాళ్ళే ఇప్పుడు "ఏం చేశావ్, మాకూ చెప్పవా?" అని వెంటపడుతున్నారు. నిజం చెప్తే ఏమంటారో కూడా ఆమెకి తెలుసు. "ఓస్, కోయించుకుని తగ్గడం కూడా ఒక తగ్గడమేనా!" ముప్ఫై మెట్లెక్కి ఆయాసపడని నోళ్ళు ఎన్నైనా అంటాయి.

ఆసుపత్రి డైటీషియన్ మొదటి రోజే చెప్పింది. ముందు ప్రోటీన్, తర్వాత కూరగాయ, చోటు మిగిలితే మిగతావి. మాస్టర్ మొదటి మాట విని రెండోది వదిలేసింది. గుడ్డు తినేసరికే పొట్ట నిండిపోయేది. పైగా రెండో నెలలో ఒక క్యారెట్ ముక్క గుండెల దగ్గర అడ్డం పడి అరగంట నరకం చూపించింది. ఆ రోజు నించి కూరగాయలంటే ఆమెకి జాతి వైరం.

"దువ్వెన నిండా జుట్టు. మెట్లెక్కితే కళ్ళు తిరగడం. చెప్పుకోలేని మలబద్ధకం," అంది డైటీషియన్, నాలుగో నెల రిపోర్టులు తిరగేస్తూ. "కూరగాయలు తింటున్నారా?"

"విటమిన్ మాత్రలు మింగుతున్నానుగా."

"మాత్రలు కూరకి సవతి పిల్లలు. సొంత పిల్లలవవు. పూటకి రెండు స్పూన్లు తినండి. తొక్క తీసి, గింజ తీసి, మెత్తగా ఉడికించి, బాగా నమిలి."

"సరే," అని వచ్చేసింది. సరే అనడానికి ఏం పోయింది?

గుర్రాల మాట అన్న మూడో రోజు క్యాంటీన్ కౌంటర్ మీద ఒక పలక వెలిసింది.

"నేటి కూర: బీన్స్. గుర్రాలు లైన్లో రావలెను."

నూట నలభై మందీ పగలబడి నవ్వారు. మాస్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా కౌంటర్ దగ్గరకెళ్ళి ప్లేటు చాపింది.

"వెయ్యండి."

"ఎన్ని?"

"గుర్రం ఎంత తింటుందో అంత."

అతని ఎదురుగానే నిలబడి, అతని కళ్ళలోకి చూస్తూ, రెండు స్పూన్ల బీన్స్ గబగబా నమిలి మింగేసింది. పౌరుషానికి పోయి పీకల మీదకి తెచ్చుకోవడమంటే ఇదే. మూడో స్పూను నోటి దాకా వెళ్ళలేదు. గుండెల మధ్య ఎవరో బండరాయి పెట్టి నొక్కినట్టయింది. నోట్లో నీళ్ళూరాయి. చెమటలు పట్టాయి. ప్లేటు అక్కడే పడేసి బాత్రూంకి పరిగెత్తింది.

కాజాల అక్క వీపు రాస్తూ పక్కన నిలబడింది. లోపలికెళ్ళిన బీన్స్ బయటికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బయట వాన మొదలైంది. వేళాపాళా లేని వాన. మాస్టర్‌ని కారెక్కించి ఇంటికి పంపారు.

రెండు రోజులు పడుకుంది. రెండో రోజు మధ్యాహ్నం కాజాల అక్క ఫోన్ చేసింది.

"ఏమే, ఇక్కడ గొడవ పెద్దదైపోయింది. క్యాంటీన్ తిండి తిని మాస్టర్ పడిపోయిందని ఒకరంటే, మాకూ మొన్న కడుపు నొప్పొచ్చిందని పదిమంది తేలారు. మేనేజర్ క్యాంటీన్ మూసేయించాడు. రేపు ఆ గరిటెని పంపించేస్తాట్ట."

"తగిన శాస్తి. గుర్రాలకి పలక పెడతాడా!"

"పెట్టాడులే. కానీ అతనేం తప్పు చేశాడే?"

మాస్టర్ ఫోన్ పెట్టేసింది. మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. ఆమె గుట్టు ఆమె దగ్గరే ఉంటుంది. గరిటె పోతే ఇంకో చెంచా వస్తుంది. ఆలోచించిన కొద్దీ తనమీద తనకే అసహ్యం పుట్టింది. చేయి జారి గుడ్డ తప్పు కోసి, ఆ తప్పు ఇస్త్రీ చేసేవాడి మీదకి తోసేసే మాస్టర్లని ఆమె జీవితంలో ఎన్నడూ లెక్కచేయలేదు. ఇప్పుడు తను చేస్తున్నదేమిటి?

మర్నాడు పొద్దున్నే మేనేజర్ గదికెళ్ళింది. గది నిండా జనం. గరిటె గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏప్రన్ లేకుండా మరీ సన్నగా కనిపించాడు. కడుపునొప్పి వాళ్ళు పదిమందీ గుమ్మం దగ్గరే ఉన్నారు.

"తిండిలో తప్పు లేదండీ," అంది మాస్టర్. "నా పొట్టలో ఉంది. ముప్పాతిక పొట్ట లేదు నాకు. నాలుగు నెలల కిందట బరువు తగ్గడానికి కోయించుకున్నాను. గాల్‌బ్లాడర్ కాదు, రాళ్ళూ కాదు. పీచున్న కూర గబగబా తినకూడదని డాక్టర్లు చెప్పారు. తిన్నాను. తప్పు నాది."

 

ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"ఆ జాలి మొహాలు పెట్టకండి, మీకు నప్పవు. కోయించుకుని తగ్గడం కూడా ఒక తగ్గడమేనా అని అడగదలచుకున్నవాళ్ళు ఇప్పుడే అడగండి. పని గంటల్లో నాకు తీరికుండదు. మొన్న కడుపునొప్పి గుర్తొచ్చిన పదిమందికీ, ఇవాళ క్యాంటీన్ తెరిచేసరికి ఆకలి కూడా గుర్తొస్తుందనుకుంటాను."

ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరే జారుకున్నారు. గరిటె ఏదో అనబోయాడు. ఆమె ఆ చాన్సు ఇవ్వకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారం రోజులు అతను ఆమె కంటపడలేదు. ఎనిమిదో రోజు భోజనం వేళకి, కటింగ్ టేబుల్ మీద మూత పెట్టిన ఒక చిన్న కప్పు కనిపించింది. మూత తీసి చూసింది. గుమ్మడికాయా, పాలకూరా మెత్తగా ఉడికించి కలిపిన కూర. పొగలు కక్కుతోంది.

కప్పు పట్టుకుని క్యాంటీన్‌కి నడిచింది.

"ఏమిటిది?"

"కూరండీ."

"ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"జాలి కూర నేను తిననండీ."

"మీ మీద జాలా!" గరిటె నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "మీమీద జాలిపడాలంటే నాకు లేనంత గుండె ధైర్యం కావాలి. ఇది నా పరువు కూర. నూట ముప్ఫై తొమ్మిది మందికి వండి ఒక్కరిని వదిలేస్తే నన్ను వంటవాడనరు."

"మరేమంటారు?"

"గరిటె అంటారు. మీరు పెట్టిన పేరేగా. నా చెవిన పడింది లెండి."

 మాస్టర్ అక్కడే కూర్చుని ముందు గుడ్డు తిని, తర్వాత ఒక స్పూను కూర తీసుకుని నమిలింది. ఎక్కడా అడ్డం పడలేదు. రెండో స్పూను కూడా దిగింది.

"గంజి," అంది.

"అవునండీ. నా జీవితంలో వండిన మొదటి గంజి. మనసారా నవ్వుకోండి."

"ఉప్పు తక్కువ."

"రాసుకున్నాను."

అలా మొదలైంది. రోజుకో కప్పు. టమాటా తొక్క తీసేవాడు. పాలకూర కాడలు తుంచేసేవాడు. క్యాలీఫ్లవర్ పువ్వులు మాత్రమే తీసుకుని, మెత్తగా మెదిపి, పెరుగులో కలిపి ఇచ్చేవాడు. ఒకరోజు చేప ముక్క కిందే క్యారెట్ గుజ్జు పరిచాడు, ప్రోటీనూ కూరా ఒకేసారి కుదిరేట్టు. ఆమె తిన్నంత తిని, కప్పు తిరిగిస్తూ రోజుకో తీర్పు చెప్పేది.

"చంటిపిల్లల తిండిలా ఉంది."

"గోడలకి పూసుకోవచ్చు."

"ఇది నిన్నటి కన్నా నయం. అంటే బాగుందని కాదు."

అతను చిత్తం అన్నట్టు తలాడించేవాడు. ఆమె వైపు పనికట్టుకుని చూసేవాడు కాదు. కాకపోతే ఆమె నమిలినంతసేపూ, ఎప్పుడో ఆరిపోయిన గిన్నెనే తుడుస్తూ నిలబడేవాడు. ఇరవై నిమిషాల పాటు ఒకే గిన్నె తుడిచే మనిషిని ఏమనాలి? పనిదొంగ అనుకుంది మాస్టర్. రెండో వారంలో అతను ఒకరోజు కనపడకపోతే మాత్రం ఆ రోజు కూర ఎందుకో రుచించలేదు. దానిక్కూడా అతన్నే తిట్టుకుంది.

నెల తిరిగేసరికి కళ్ళు తిరగడం తగ్గింది. కడుపు కూడా మర్యాదగా నడుచుకుంటోంది. ఒకటే ఆమెకి అర్థం కాలేదు. తొక్క తీయాలనీ, గింజ తీయాలనీ, ముందు ప్రోటీనే పెట్టాలనీ ఇతనికెవరు చెప్పారు? తను చెప్పలేదు. కాజాల అక్కకి అంత వివరం తెలియదు.

ఆ సంగతి డైటీషియన్ దగ్గర బయటపడింది.

"రిపోర్టులు బాగున్నాయి. కూరగాయలు తింటున్నారన్నమాట," అంటూ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ మధ్య ఒక వింత పేషెంటొచ్చాడు, ఆ రోజు నించి తలచుకున్నప్పుడల్లా నవ్వొస్తోంది. తనకీ మీలాగే ఆపరేషనైంది, నాలుగు నెలలైంది, కూరగాయలెలా తినాలో చెప్పమన్నాడు. ఎన్ని కిలోలు తగ్గారంటే అరవై అన్నాడు. చూస్తే మనిషే అరవై ఉన్నాడు! ముందు నూట ఇరవై ఉండేవారా అంటే, గుర్తులేదండీ అన్నాడు."

మాస్టర్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "పొడుగ్గా ఉన్నాడా?"

"తాటిచెట్టే. కుట్లు చూపించమంటే సిగ్గన్నాడు. దొంగ పేషెంటని తెలిసిపోయింది కానీ, అంత శ్రద్ధగా నోట్‌బుక్ నిండా రాసుకుంటుంటే పోనీలే పాపమని మామూలుగా అందరికీ చెప్పేవే చెప్పాను. పోతూ పోతూ గుమ్మం దగ్గరాగి, పేషెంటుకి కోపం ఎక్కువైతే ఏ కూర పెట్టాలండీ అని అడిగాడు."

"మీరేమన్నారు?"

"గుమ్మడికాయ పెట్టమన్నాను. ఏదో ఒకటి చెప్పాలిగా!"

మాస్టర్ నవ్వలేదు. బయటికొచ్చి, మెట్లు దిగుతూ, సగంలో ఆగి, ఒక్కతే నిలబడి నవ్వింది. వెంటనే కోపం తెచ్చుకుంది. నా పొట్ట సంగతి వీడెవడు ఆరా తీయడానికి?

ఈ కోపం చల్లారకముందే ఇంట్లో ఇంకొకటి తయారైంది. పిన్ని సంబంధం పట్టుకొచ్చింది. కొత్త సంబంధం కూడా కాదు. రెండేళ్ళ కిందట "అమ్మాయి కాస్త ఎక్కువగా ఉంది" అని కబురు పెట్టిన ఇన్సూరెన్స్ ఆఫీసరే. మొన్న బస్‌స్టాప్‌లో మాస్టర్‌ని చూశాట్ట. ఇప్పుడు ఒకసారి కలుస్తానంటున్నాట్ట.

"దేవుడిచ్చిన రెండో అవకాశమే!" అంది పిన్ని.

"దేవుడికి వేరే పనిలేదా పిన్నీ?" అంది మాస్టర్. అయినా వెళ్ళింది. అంతటి మనిషిని దగ్గరనించి ఒకసారి చూడాలనిపించింది.

కాఫీ షాప్‌లో అతను లేచి నిలబడి కుర్చీ జరిపాడు.

"మీరు చాలా మారిపోయారు."

"మీరేం మారలేదు."

అది పొగడ్త అనుకుని అతను టై సర్దుకున్నాడు.

"నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని. అప్పుడు నచ్చలేదు, ఇప్పుడు నచ్చారు. ఆపరేషన్ సంగతి మీ పిన్నిగారు చెప్పారు. నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో మాత్రం చెప్పొద్దు. మళ్ళీ లావవకుండా చూసుకుంటే చాలు."

"అయితే?"

"అయితే అంటే?"

"మళ్ళీ లావయితే ఏం చేస్తారు? బిల్లు చూపించి వాపసిస్తారా?"

అతను జోకనుకుని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"నేను కోట్లు కోస్తానండీ," అంది ఆమె. "కోటు పట్టకపోతే కోటుని కోస్తాం. మనిషిని కోయం. నేను కోయించుకున్నది మీ కొలతలకి పట్టాలని కాదు, నా మోకాళ్ళ కోసం. మీకన్నా నాకు నా మోకాళ్ళే ముఖ్యం. అవి కనీసం నన్ను మోస్తాయి."

కాఫీ ముట్టుకోకుండా లేచింది. గెలిచానని ఇంటి దాకా విసవిసా నడిచింది. ఇంటికొచ్చాక ఆ వెధవ అన్న మాట ముల్లులా గుచ్చుకోవడం మొదలెట్టింది. మళ్ళీ లావవకుండా చూసుకుంటే చాలు. డాక్టర్లు కూడా చెప్పారు, కొందరికి కొన్నేళ్ళ తర్వాత కొంత బరువు తిరిగొస్తుందని. ఇన్సూరెన్స్ వాడి సంగతి సరే, వాడు ఏ గంగలో దూకినా ఆమెకి పట్టదు. కానీ ఆ గరిటె? అతను వచ్చేసరికే ఆమె సగమైపోయింది. నూట పద్దెనిమిది కిలోల మనిషిని అతను చూడనే లేదు.

సోమవారం భోజనాలయ్యాక, క్యాంటీన్ ఖాళీ అయ్యేదాకా ఆగి వెళ్ళింది. బయట వాన దంచుతోంది. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి, ఎవరో ప్రేమకథ కోసం అద్దెకి తెచ్చినట్టు. అతను గిన్నెలు బోర్లిస్తున్నాడు.

"అరవై కిలోలు తగ్గిన పేషెంటు గారూ!"

గిన్నె ఒకటి నేలమీద పడి గిరగిరా తిరిగింది.

"ఆవిడ చెప్పేశారా?"

"నా రోగం గురించి ఆరా తీయడానికి మీరెవరు?"

"ఆసుపత్రి ఏదో మాత్రం కాజాల అక్కని అడిగాను. అక్కడ మీ పేరు చెప్పలేదండీ. నా పొట్టే పోయిందని చెప్పాను."

"నన్నే అడగొచ్చుగా?"

"అడిగితే చెప్పేవారా?"

"తిట్టేదాన్ని."

"అందుకేనండీ." తల దించుకుని అన్నాడు. "తిట్లు తిని అయినా మిమ్మల్నే అడగాల్సింది. తప్పే."

తప్పు ఒప్పుకునే మనిషిని తిట్టడం ఆమెకి చేతకాదు. ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. పోయినేడు యూనిట్ వాళ్ళందరూ తీయించుకున్న ఫోటో. మధ్యలో, కటింగ్ టేబుల్ పక్కన ఆమె.

"ఈవిడని మీరు చూడలేదు. చూసుంటే కప్పుల్లో కూరలు పెట్టేవారా?"

అతను చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఈవిడైతే నా ప్లేటు ఖాళీ చేసి పంపేది," అన్నాడు.

"అంటే? లావుగా ఉన్నవాళ్ళు తిండిపోతులనా?"

"అయ్యో, కాదండీ! నా ఉద్దేశం..." అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. "నాకు మాటలు రావు. ఒక్కటి చెప్తాను, తర్వాత తిట్టండి. ఈ ఫోటో తీసినవాణ్ణి మీరెలా చూస్తున్నారో చూడండి. వీడు ఎందుకూ పనికిరాని పీలిక అన్నట్టు. మొదటి రోజు నన్నూ అచ్చం ఇలాగే చూశారు. నేను ఆ చూపుకే పడిపోయాను. అది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది."

"ఇది పొగడ్తా?"

"నాకు చేతనైన పెద్ద పొగడ్త ఇదేనండీ."

 ఆమె ఫోన్ వెనక్కి తీసుకుంది. అడగాలనుకున్నది అడిగేసింది.

"రేపు మళ్ళీ లావైతే?"

"అవుతారేమో. నాకూ బట్టతల వస్తుంది. అప్పుడు మీరు ఎన్ని మాటలంటారో తలచుకుంటే ఇప్పట్నించే నిద్ర పట్టడం లేదు."

"ఇప్పటికే సగం వచ్చింది, చూసుకున్నారా?"

"చూశారా, మొదలెట్టారు!" అతను నవ్వేశాడు. వెంటనే నవ్వు ఆపి, ఆమె కళ్ళలోకి చూశాడు. ఈసారి చేతిలో తుడవడానికి గిన్నె లేదు. "ఆ మాటలన్నీ జన్మంతా పడడానికి నేను సిద్ధమండీ. అనడానికి మీకు ఓపికుందా?"

"ఓపికకేం? రోజూ కూరలు తింటున్నాగా," అంది మాస్టర్.

ఇక మిగిలింది అమ్మ.

అమ్మ బాధ వేరు. ముప్ఫై ఏళ్ళు కూతురికి కడుపు నిండా పెట్టి తృప్తిపడిన మనిషి. ఆపరేషనయ్యాక కూతురు రెండు స్పూన్లు తిని లేచిపోతుంటే తనని కాదని లేచిపోతున్నట్టే ఉండేది. అలాంటిది ఎవరో బయటివాడు కప్పులో పెడితే తింటోందట! ఆదివారం భోజనానికి గరిటెని పిలిచినప్పుడు అమ్మ మొహం గంటు పెట్టుకునే ఉంది. పక్కన పిన్ని.

"ఇన్సూరెన్స్ ఆఫీసర్ని కాదని వంటవాడా?" అంది పిన్ని, అతనికి వినపడేలా.

"ఆయన పాలసీ చూపిస్తాడు పిన్నీ, ఈయన పళ్ళెం చూపిస్తాడు. నాకు పళ్ళెమే కావాలి," అంది మాస్టర్.

అమ్మ వడ్డించింది. గరిటె మాట్లాడకుండా అంతా తిని, అడగకుండానే రెండోసారి వడ్డించుకున్నాడు. అమ్మ మొహంలో ఒక ముడి విడింది. కానీ కూతురి ప్లేట్లో ఆవిడ వేసిన కూర అలాగే ఉంది. ముక్కలు పెద్దవి, తొక్కతో ఉన్నాయి. తింటే అడ్డం పడుతుంది. తినకపోతే అమ్మ ఏడుస్తుంది. మాస్టర్ స్పూను పట్టుకుని కూర్చుండిపోయింది.

"అమ్మగారూ," అన్నాడు గరిటె, "ఈ కూర ఇంకో పది నిమిషాలు పొయ్యి మీద ఉంచొచ్చా?"

"నా కూర ఉడకలేదంటావా?" అమ్మ గొంతు లేచింది.

"మీ కూరకి వంక పెట్టగలనా అండీ? రెండోసారి వడ్డించుకున్నాను. నా పొట్టకి కుట్లు లేవు, ఆవిడ పొట్టకున్నాయి. అంతే తేడా."

అమ్మ అతని వైపోసారి, కూతురి వైపోసారి చూసింది. గిన్నె తీసుకుని వంటింట్లోకెళ్ళింది. అతను వెనకాలే వెళ్ళలేదు, సలహా చెప్పలేదు. లోపల మూత చప్పుడూ, మెదిపే చప్పుడూ వినిపించాయి, మధ్య మధ్య సణుగుడు. పది నిమిషాలకి ఒక కప్పుతో వచ్చింది.

మాస్టర్ చేప ముక్క ముగించి కూర తింది. ఒక స్పూను, రెండు, మూడు. నెమ్మదిగా, బాగా నమిలి. కప్పు సగమయ్యాక చాలంది. ఆపరేషనయ్యాక అమ్మ చేతి కూర ఇంత తినడం అదే మొదలు. అమ్మ కొంగు కళ్ళకద్దుకోలేదు గానీ, ఆ కప్పుని కడగకుండా అలా చూస్తూ కూర్చుంది.

తర్వాత తేరుకుని, అతని ముందు గ్లాసుడు నీళ్ళు పెట్టింది.

"తాగు బాబూ."

"అరగంట ఆగుతానండీ."

"అదేంటి? భోంచేశాక అరగంట నీళ్ళు తాగకూడదన్నది దానికి కదా. నీకెందుకు?"

"ఆవిడొక్కతే దాహంతో కూర్చుంటుంది కదండీ," అన్నాడు గరిటె, అదేం పెద్ద విషయం కానట్టు.

మాస్టర్ అతని వైపు చూసింది. నెల రోజుల నించీ క్యాంటీన్లో ఆమె తిన్నాక అతనూ నీళ్ళు ముట్టుకోవడం లేదని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు. 

అమ్మ తన గ్లాసు కూడా పక్కకి జరిపేసింది. కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది.

"సరే, అరగంట ఖాళీయేగా. మీ ఇంట్లో ఎవరెవరుంటారు బాబూ? పెళ్ళి ఏ నెలలో అయితే మీకు వీలు?"

పిన్ని ఒక్కతే గటగటా నీళ్ళు తాగేసి, తనవైపు చూస్తున్న ముగ్గురినీ చూసి, ఖాళీ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టింది.